ఐకాన్ తెరుచుకోకపోతే కంప్యూటర్ ఫార్మాట్ చేయించకండి

సంపాదకులకు నమస్కారం.

ఒక్క మాట చెబుదామని ఈ ఉత్తరం రాస్తున్నాను, కాకపోతే ఆ ఒక్క మాటా సరిగ్గా అర్థం కావాలంటే కొంచెం వివరంగా చెప్పాలి, అందుకే పెద్దదవుతుంది. ఇంట్లో కంప్యూటర్ ఆన్ చేసి డెస్క్‌టాప్ మీద బొమ్మను (ఐకాన్‌ను) నొక్కితే అది తెరుచుకోకుండా ఏదో ఇంగ్లిష్ మెసేజ్ వచ్చిందనుకోండి, వెంటనే ప్రోగ్రామ్ పోయింది, ఫైళ్లు పోయాయి అని కంగారుపడి కంప్యూటర్ షాపుకి మోసుకెళ్లకండి. వెళ్లినా సరే, వాళ్లు ఫార్మాట్ కొడతామంటే, అంటే డిస్క్ చెరిపేసి విండోస్ మళ్లీ ఎక్కిస్తామంటే, వెంటనే ఊ అనకండి. చెడింది ఆ బొమ్మ ఒక్కటే అయ్యుండే అవకాశం చాలా ఎక్కువ. దాన్ని ఇంట్లో కూర్చుని ఐదు నిమిషాల్లో బాగుచేసుకోవచ్చు.

నేను విజయవాడ సత్యనారాయణపురంలో ఇంటి దగ్గరే డీటీపీ పని చేస్తాను. శుభలేఖలు, స్కూళ్ల క్వశ్చన్ పేపర్లు, అపార్ట్‌మెంట్ అసోసియేషన్ల నోటీసులు, అప్పుడప్పుడు ఏలూరు రోడ్డు పబ్లిషర్ల పుస్తకాలు కూడా కంపోజ్ చేసి ఇస్తాను. రోజంతా కంప్యూటర్ ముందే ఉంటాను కాబట్టి మా వీధిలో ఎవరి సిస్టమ్ మొరాయించినా ముందు నన్నే పిలుస్తారు. అలా పిలిచే పనుల్లో ఎక్కువ భాగం ఇదే. "అక్కా, నిన్నటిదాకా బాగానే ఉంది, ఇవాళ ఓపెన్ అవ్వట్లేదు" అంటారు. పేపర్లో కొత్త ఫోన్ల గురించి, సైబర్ మోసాల గురించి వస్తున్నాయి, మోసాల గురించి రావాల్సిందే కూడా. కానీ ఇంట్లో ఒక మూల టేబుల్ మీదున్న పాత కంప్యూటర్ గురించి ఎవరూ రాయడం లేదు. అందులోనే పిల్లల సర్టిఫికెట్ల స్కాన్‌లు, పెళ్లి ఫోటోలు, ఇంటి లోన్ కాగితాలు, చిట్టీల లెక్కలు అన్నీ ఉంటాయి.

ముందు ఆ బొమ్మ ఏమిటో చెబుతాను. డెస్క్‌టాప్ మీద ఉన్న బొమ్మల్ని దగ్గరగా చూడండి, కొన్నిటికి ఎడమవైపు కింద మూలన చిన్న బాణం గుర్తు ఉంటుంది. బాణం ఉంటే అది షార్ట్‌కట్. అంటే అసలు ప్రోగ్రామ్ గానీ ఫైలు గానీ అక్కడ లేదు, వేరేచోట ఉంది, అది ఎక్కడుందో రాసి పెట్టిన చిన్న ఫైలు మాత్రమే ఇక్కడుంది. సైజు చూస్తే మామూలుగా ఒకటి రెండు కేబీ, కొన్నిటికి మరికాస్త. నా పనిలోంచే ఉదాహరణ చెప్పాలంటే, శుభలేఖ మీద కల్యాణ మండపం అడ్రసు అచ్చువేస్తాం కదా, షార్ట్‌కట్ అలాంటిదే. మండపం మారితే కార్డు పట్టుకుని వెళ్లినవాళ్లకు అక్కడ తాళం కనిపిస్తుంది, అంతమాత్రాన పెళ్లి ఆగిపోయినట్టు కాదు. కార్డు చింపేస్తే మండపమూ కూలిపోదు. విండోస్ 95 కాలం నుంచి, అంటే 1995 నుంచి, ఈ ఏర్పాటు ఇలాగే నడుస్తోంది. ఇన్నేళ్లయినా దీని గురించి ఇంట్లోవాళ్లకు ఎవరూ చెప్పలేదు, నాకు బాధ కలిగించేది అదే.

షార్ట్‌కట్ చూపిస్తున్న చోట అసలుది దొరకకపోతే విండోస్ ఒక మెసేజ్ చూపిస్తుంది. ఈ షార్ట్‌కట్ చూపించే ఐటమ్ మారింది లేదా వేరేచోటికి కదిలింది, ఇక ఇది సరిగా పనిచేయదు, దీన్ని డిలీట్ చేయమంటారా అని దాని సారాంశం. ఇంగ్లిష్ అంతగా రాని పెద్దవాళ్లకు అందులో ఒక్క డిలీట్ అన్న మాటే కళ్లకు కొడుతుంది, ఇక టెన్షన్ మొదలు. ఆ మెసేజ్‌కి ఎస్ కొట్టినా పోయేది ఆ బాణం బొమ్మే, అసలు ఫైలు జోలికి అది పోదు. అయినా నేను మాత్రం ముందు నో కొట్టమనే చెబుతాను. ఎందుకంటే ఆ చెడిపోయిన బొమ్మలోనే మనకు కావలసిన సమాచారం ఉంది.

బొమ్మ మీద మౌస్ రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్ అని నొక్కండి, లేదా బొమ్మను ఒకసారి నొక్కి ఆల్ట్, ఎంటర్ కలిపి కొట్టండి. షార్ట్‌కట్ అనే ట్యాబ్‌లో టార్గెట్ అని ఒక పెట్టె ఉంటుంది. అందులో రాసి ఉన్నదే ఆ అడ్రసు. ఏ డ్రైవు (సి, డి అని అక్షరాలతో ఉండే డిస్క్ భాగం), ఏ ఫోల్డరు, ఏ ఫైలు అన్నది అక్షరం అక్షరం అక్కడ కనిపిస్తుంది. ఒక కాగితం మీద రాసుకోండి. తర్వాత ఫైల్ ఎక్స్‌ప్లోరర్ తెరిచి అదే డ్రైవులోకి, అదే ఫోల్డర్లోకి నడుచుకుంటూ వెళ్లండి. ఎక్కడిదాకా దారి సరిగ్గా ఉండి ఎక్కడ తెగిపోయిందో మీకే తెలిసిపోతుంది. ఫోల్డరు పేరు ఎవరో మార్చి ఉంటారు, లేకపోతే ఫైలు డి డ్రైవ్‌లోంచి ఇ డ్రైవ్‌లోకి వెళ్లి ఉంటుంది, లేకపోతే ఆ డ్రైవే కనిపించదు. ప్రాపర్టీస్‌లోనే ఓపెన్ ఫైల్ లొకేషన్ అని బటన్ కూడా ఉంటుంది, అసలు ఫైలు ఉంటే అది తిన్నగా అక్కడికే తీసుకెళ్తుంది.

ఇక్కడ ఒక సందేహం వస్తుంది, మొన్న ఫోల్డరు పేరు మార్చినా షార్ట్‌కట్ పనిచేసింది కదా, ఇవాళ ఎందుకు చేయలేదు అని. డిస్క్ మీద ఫైళ్లను అమర్చే ఎన్‌టీఎఫ్‌ఎస్ అనే పద్ధతిలో ఫార్మాట్ అయిన ఒకే డ్రైవు లోపల ఫైలు అటూఇటూ కదిలితే విండోస్ దాని గుర్తు పట్టుకుని వెతికి పట్టుకోగలదు. పెన్‌డ్రైవ్‌ల మీద, మెమరీ కార్డుల మీద మామూలుగా వేరే పద్ధతి ఉంటుంది, అక్కడ ఆ సదుపాయం లేదు. అందుకే పెన్‌డ్రైవ్‌లో ఫైలుకు ఇంట్లో డెస్క్‌టాప్ మీద షార్ట్‌కట్ పెట్టుకుంటే అది ఎప్పటికైనా తెగేదే. డ్రైవు అక్షరం మారినా తెగొచ్చు.

డ్రైవు అక్షరం సంగతి కొంచెం ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే మా ఊళ్లో చాలామందికి ఇది తగిలింది. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు వరద సింగ్‌నగర్ ఇళ్లను ముంచినప్పుడు కింద అంతస్తుల్లో ఉన్నవాళ్ల కంప్యూటర్లు నీళ్లలో నానిపోయాయి. మాకు తెలిసిన ఒక కుటుంబం ఫోటోలున్న బయటి హార్డ్ డిస్క్ ఒక్కటి పట్టుకుని మేడ మీదకి వెళ్లి దాన్ని కాపాడుకున్నారు. తర్వాత సెకండ్‌హ్యాండ్‌లో కంప్యూటర్ కొని ఆ డిస్క్ పెడితే, అందులోనే ఉన్న ఆల్బమ్ షార్ట్‌కట్‌లు ఒక్కటీ తెరుచుకోలేదు. ఇంతా చేసి కాపాడింది పాడైపోయిందని ఆ ఇంటావిడ కళ్లనీళ్లు పెట్టుకుంది. డిస్క్ నిక్షేపంలా ఉంది. పాత కంప్యూటర్లో దాని అక్షరం ఎఫ్, కొత్తదాంట్లో ఇ వచ్చింది, అంతే. స్టార్ట్ బటన్ మీద రైట్ క్లిక్ చేస్తే డిస్క్ మేనేజ్‌మెంట్ అని వస్తుంది, అందులో ఆ డిస్క్ మీద రైట్ క్లిక్ చేసి ఛేంజ్ డ్రైవ్ లెటర్ అండ్ పాత్స్ అన్నచోట మళ్లీ ఎఫ్ ఇచ్చాం, బొమ్మలన్నీ తెరుచుకున్నాయి. అక్కడ ఇంకేమీ ముట్టుకోవద్దు, ముఖ్యంగా ఫార్మాట్ అనే మాట కూడా అదే మెనూలో ఉంటుంది, చూసి నొక్కండి. సి డ్రైవ్ అక్షరాన్ని అసలు కదపకూడదు.

ఇక ప్రోగ్రామ్‌ల సంగతి. ప్రోగ్రామ్ ఉందో లేదో తెలుసుకోవాలంటే డెస్క్‌టాప్‌ని నమ్మకండి, స్టార్ట్ మెనూ తెరిచి దాని పేరు టైప్ చేయండి. పేరు వస్తే నొక్కి చూడండి, తెరుచుకుంటే ప్రోగ్రామ్ బతికే ఉంది. అదే పేరు మీద రైట్ క్లిక్ చేసి ఓపెన్ ఫైల్ లొకేషన్ నొక్కితే ఒక ఫోల్డరు తెరుచుకుంటుంది, అందులో ఉన్నదాని మీద మళ్లీ రైట్ క్లిక్ చేసి సెండ్ టు, డెస్క్‌టాప్ అని ఇస్తే కొత్త షార్ట్‌కట్ వచ్చేస్తుంది. విండోస్ 11 అయితే ముందు షో మోర్ ఆప్షన్స్ నొక్కాలి, అప్పుడే సెండ్ టు కనిపిస్తుంది. పాత బొమ్మని తీసేయండి, పని అయిపోయింది.

నాలాగా పేజ్‌మేకర్ (పేజీలు కంపోజ్ చేసే సాఫ్ట్‌వేర్), తెలుగు టైపింగ్‌కి అను ఫాంట్లు వాడేవాళ్లు ఇంకొకటి గమనించాలి. ఇవి 32 బిట్ కాలంనాటి, అంటే పాత తరం విండోస్ నాటి ప్రోగ్రామ్‌లు. పాత విండోస్‌లో ప్రోగ్రామ్ ఫైల్స్ అనే ఫోల్డర్లో ఉండేవి. ఇప్పటి 64 బిట్ విండోస్‌లో వేస్తే అదే పేరు పక్కన ఎక్స్86 అని ఉన్న వేరే ఫోల్డర్లోకి పోతాయి. పాత కంప్యూటర్ నుంచి తెచ్చుకున్న షార్ట్‌కట్ మొదటి ఫోల్డర్లో వెతికి లేదంటుంది. తెలుగు టైప్ చేసే సాఫ్ట్‌వేరే ఓపెన్ కాలేదంటే మాలాంటివాళ్లకు ఆ రోజు పని మొత్తం ఆగిపోయినట్టే, ముహూర్తాల సీజన్లో అయితే ఇక చెప్పక్కర్లేదు. అలాంటప్పుడు కంగారులో మళ్లీ ఇన్‌స్టాల్ చేయడం మొదలుపెట్టే ముందు ఈ ఒక్క ఫోల్డరు చూడండి. పాత ఎంఎస్ ఆఫీస్ షార్ట్‌కట్‌లలో మాత్రం కొన్నిట్లో టార్గెట్ పెట్టె బూడిదరంగులో ఉండి మార్చనివ్వదు, దానికి కంట్రోల్ ప్యానెల్‌లో ప్రోగ్రామ్స్ అండ్ ఫీచర్స్‌కి వెళ్లి ఆఫీస్ పేరు మీద ఛేంజ్ నొక్కి రిపేర్ ఇవ్వాలి.

స్టార్ట్ మెనూలో వెతికినా పేరు రాకపోతే ప్రోగ్రామ్ నిజంగానే పోయి ఉండొచ్చు. ఎవరైనా అన్‌ఇన్‌స్టాల్ చేసి ఉండొచ్చు, లేకపోతే యాంటీవైరస్ దాని అసలు ఫైలుని పట్టుకుని పక్కన పెట్టి ఉండొచ్చు. విండోస్ సెక్యూరిటీలో ప్రొటెక్షన్ హిస్టరీ చూస్తే అది తెలుస్తుంది. ఒరిజినల్ కాని సాఫ్ట్‌వేర్ వేయించుకున్న ఇళ్లలో ఇది తరచు జరుగుతుంది, అలాంటిది పట్టుబడితే అక్కడ అలౌ కొట్టమని ఎవరు చెప్పినా వినకండి.

ఇప్పుడు నాకు బాగా కోపం తెప్పించే విషయానికి వస్తాను. మా పక్క సందులో రిటైరైన మాస్టారు ఒకాయన ఉన్నారు. ఆయన కంప్యూటర్లో ఫోటోల ఫోల్డరుకు షార్ట్‌కట్ డెస్క్‌టాప్ మీద ఉండేది, ఒకరోజు అది తెరుచుకోలేదు. దగ్గర్లోని ఒక షాపుకి తీసుకెళ్తే, విండోస్ కరప్ట్ అయింది, ఫార్మాట్ చేయాలి అన్నారట. డేటా ఉంటుందా అని ఈయన అడిగితే సి డ్రైవ్ మాత్రమే చేస్తాం అన్నారట. తీరా చూస్తే పార్టిషన్లన్నీ, అంటే సి, డి లాంటి డ్రైవులన్నీ చెరిపేసి కొత్తగా చేసి ఇచ్చారు. కాలం చేసిన వాళ్లావిడ ఫోటోలు అందులో ఉన్నాయి. "ఏమ్మా, ఇవి వెనక్కి రావంటావా" అని నన్ను అడిగారు. రికవరీ సాఫ్ట్‌వేర్‌తో ప్రయత్నిస్తే కొన్ని వచ్చాయి, చాలావరకు పై సగం కనిపించి కింద సగం బూడిదరంగుగా వచ్చాయి. ఆ షార్ట్‌కట్ చెడిపోవడానికి కారణం మనవడు ఆటల కోసం స్థలం చేసుకుంటూ ఆ ఫోల్డర్ని ఇంకో డ్రైవులోకి మార్చడం. ప్రాపర్టీస్ తెరిచి టార్గెట్ చూసి, ఆ ఫోల్డరు పేరుతో మిగతా డ్రైవుల్లో వెతికి ఉంటే చాలు, దొరికిపోయేవి.

షాపులవాళ్లందరూ అలాంటివాళ్లని నేను అనను. గవర్నర్‌పేటలో, బీసెంట్ రోడ్డు చుట్టుపక్కల ఓపిగ్గా చూసి, ఇది చిన్న పనండి, డబ్బులేం వద్దులెండి అని పంపేవాళ్లు నాకు తెలుసు. కానీ కారణం వెతకడం కన్నా ఫార్మాట్ కొట్టి మళ్లీ విండోస్ ఎక్కించడం వాళ్లకు సులువు, కస్టమర్‌కి వందలు ఖర్చు, పైగా డేటా పోతే బాధ్యత ఎవరిదీ కాదు. కాబట్టి ఫార్మాట్ అన్న మాట వినగానే, ఎందుకు చేయాలో ఒక కాగితం మీద రాసివ్వమని అడగండి. ఏ డ్రైవు చెరిపేస్తారో కూడా అందులో రాయమనండి. అలా అడిగే హక్కు డబ్బు కట్టేవాళ్లకు ఉంది.

బ్యాకప్ విషయంలో జరిగే పొరపాటు కూడా ఇలాంటిదే, ఇది ముఖ్యంగా కాలేజీ పిల్లల తల్లిదండ్రులు చదవాలి. మా ఎదురింటి అమ్మాయి ప్రాజెక్టు రిపోర్టుని డెస్క్‌టాప్ మీద నుంచి పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసుకుని గుంటూరులో కాలేజీకి వెళ్లింది. అక్కడ తెరిస్తే ఏమీ రాలేదు. ఆ పిల్ల కాపీ చేసింది బాణం గుర్తున్న షార్ట్‌కట్‌ని, ఫైలు ఇంట్లో డి డ్రైవ్‌లో హాయిగా ఉంది. నాకు ఫోన్ చేస్తే, "పెన్‌డ్రైవ్‌లో దాని సైజు ఎంతుందో చూడు తల్లీ" అన్నాను. రెండు కేబీ అంది. బొమ్మలూ గ్రాఫులూ ఉన్న రిపోర్టు రెండు కేబీ ఎక్కడైనా ఉంటుందా? వాళ్ల నాన్న అసలు ఫైలు మెయిల్ చేశాక ఊపిరి పీల్చుకుంది. పెన్‌డ్రైవ్‌లోకి ఏది కాపీ చేసినా సైజు చూడండి, బాణం ఉందేమో చూడండి, పెన్‌డ్రైవ్ తీసేముందు అక్కడి నుంచే ఒకసారి తెరిచి చూడండి.

ఇప్పుడు ఇది మరీ ముఖ్యం, ఎందుకంటే విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్టు 2025 అక్టోబరు 14తో ఆగిపోయింది, చాలామంది పాత సిస్టమ్‌లు మార్చేస్తున్నారు. డెస్క్‌టాప్ మొత్తం సెలెక్ట్ చేసి పెన్‌డ్రైవ్‌లో వేసుకుని, అన్నీ తెచ్చేశాం అని పాత కంప్యూటర్‌ని అమ్మేసేవాళ్లున్నారు. దయచేసి అలా చేయకండి. షార్ట్‌కట్‌తో ప్రోగ్రామ్ రాదు, ఫైలూ రాదు. ప్రోగ్రామ్ అయితే కొత్తదాంట్లో మళ్లీ ఇన్‌స్టాల్ చేసుకోవచ్చు, ఫైళ్లు పాతదాంట్లోంచి అసలు చోటికి వెళ్లి తెచ్చుకోవాలి. పాత హార్డ్ డిస్క్‌ని కొన్ని నెలలు బీరువాలో పెట్టుకున్నా నష్టం లేదు.

పెన్‌డ్రైవ్ అంటే గుర్తొచ్చింది, జిరాక్స్ షాపుల్లో, నెట్ సెంటర్లలో ప్రింట్ తీయించుకుని వచ్చాక ఫోల్డర్లన్నీ షార్ట్‌కట్‌లుగా మారిపోవడం చూసే ఉంటారు. అది వైరస్. అసలు ఫోల్డర్లని కనబడకుండా దాచేసి వాటి పేర్లతోనే షార్ట్‌కట్‌లు పెడుతుంది, వాటిని నొక్కితే ఫోల్డరూ తెరుచుకుంటుంది, వెనకాల వైరస్సూ నడుస్తుంది. కాబట్టి ఇంటి కంప్యూటర్లో పెట్టి అలాంటివి నొక్కకండి. ముందు యాంటీవైరస్‌తో ఆ పెన్‌డ్రైవ్‌ని స్కాన్ చేయండి. తర్వాత ఫోల్డర్ ఆప్షన్స్‌లో దాగిన ఫైళ్లని చూపించమని పెట్టి, ప్రొటెక్టెడ్ ఆపరేటింగ్ సిస్టమ్ ఫైళ్లని దాచు అన్నదానికి టిక్ తీసేస్తే అసలు ఫోల్డర్లు మసకగా కనిపిస్తాయి. వాటిని తెరిచి లోపలున్న మీ ఫైళ్లను కంప్యూటర్లో కొత్త ఫోల్డర్లోకి కాపీ చేసుకుని, పెన్‌డ్రైవ్‌ని అప్పుడు ఫార్మాట్ చేయండి. ఇక్కడ మాత్రం ఫార్మాట్ మంచిదే. అయ్యాక ఆ టిక్ మళ్లీ పెట్టేయాలి. షార్ట్‌కట్ ఫైళ్లతో ఎంత పని చేయించవచ్చో 2010లో స్టక్స్‌నెట్ అనే వైరస్‌తో లోకమంతా చూసింది. దానికైతే నొక్కడం కూడా అక్కర్లేదు, ఐకాన్ తెర మీద కనిపిస్తే చాలన్నట్టు ఉండేది, ఆ లోపాన్ని మైక్రోసాఫ్ట్ 2010 ఆగస్టులో సరిచేసింది. అందుకే విండోస్ అప్‌డేట్‌లు ఆపేయకండి.

ఒక్కోసారి ఇంట్లో ఎవరూ ఏమీ చేయకుండానే బొమ్మలు పోతాయి. విండోస్ 7లో మెయింటెనెన్స్ ట్రబుల్‌షూటర్ వారానికొకసారి దానంతటదే నడిచి, డెస్క్‌టాప్ మీద పనిచేయని షార్ట్‌కట్‌లు నాలుగు కన్నా ఎక్కువ కనిపిస్తే వాటిని తీసేసేది. బయటి డిస్క్ పెట్టని సమయంలో అది నడిస్తే, ఆ డిస్క్ షార్ట్‌కట్‌లని కూడా పనిచేయనివిగానే లెక్కేసేది. 2023 జనవరి 13న మైక్రోసాఫ్ట్ యాంటీవైరస్ డిఫెండర్‌కి అప్‌డేట్ ఒకటి తప్పుగా వచ్చి ఎన్నో కంపెనీల కంప్యూటర్లలో స్టార్ట్ మెనూ, టాస్క్‌బార్ షార్ట్‌కట్‌లు మాయమైపోయాయి, ప్రోగ్రామ్‌లు మాత్రం ఎక్కడివక్కడే ఉన్నాయి, షార్ట్‌కట్‌లు మళ్లీ తయారుచేయడానికి వాళ్లే ఒక స్క్రిప్టు (చిన్న ప్రోగ్రామ్) ఇవ్వాల్సి వచ్చింది. అంత పెద్ద సంస్థ తయారుచేసినదాంట్లోనే ఇలా జరిగినప్పుడు, ఇంట్లో పిల్లాడు ఏదో నొక్కేశాడని వాణ్ణి తిట్టాల్సిన పని లేదు.

ఇంటర్‌నెట్ ఎక్స్‌ప్లోరర్ నీలం బొమ్మ కోసం వెతికే పెద్దవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. దాన్ని 2022 జూన్ 15న ఆపేశారు, మీ కంప్యూటర్లో తప్పేం లేదు, ఎడ్జ్ గానీ క్రోమ్ గానీ వాడుకోండి.

వన్‌డ్రైవ్ గురించి, అంటే ఫైళ్లను ఇంటర్‌నెట్‌లో దాచే మైక్రోసాఫ్ట్ సదుపాయం గురించి కూడా రాయాలి, ఈమధ్య దీనితోనే ఎక్కువ అవస్థ. కొత్త కంప్యూటర్ మొదలుపెట్టేటప్పుడు డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్, పిక్చర్స్ బ్యాకప్ చేయమంటారా అని అడుగుతుంది, అందరూ సరే అంటారు. అప్పుడు డెస్క్‌టాప్ ఫోల్డరు వన్‌డ్రైవ్ లోపలికి మారిపోతుంది. విజయవాడలో నాన్నా, హైదరాబాద్‌లో కొడుకూ ఒకే మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ అయి ఉంటే, కొడుకు లాప్‌టాప్‌లోని షార్ట్‌కట్‌లు నాన్న డెస్క్‌టాప్ మీదకి తెల్ల కాగితాల్లా వచ్చి పడతాయి, ఆ ప్రోగ్రామ్‌లు ఇక్కడ లేవు కాబట్టి నొక్కితే తెరుచుకోవు. పనికిరానివి కదా అని నాన్న డిలీట్ చేస్తే అక్కడ కొడుకు డెస్క్‌టాప్ మీద నుంచి కూడా పోతాయి. ఒక ఇంట్లో దీనిమీద ఫోన్లో తండ్రీకొడుకులు గట్టిగానే మాట అనుకున్నారు. ఎవరి అకౌంట్ వాళ్లు పెట్టుకోండి, లేదా వన్‌డ్రైవ్ సెట్టింగ్స్‌లో డెస్క్‌టాప్ బ్యాకప్ ఆపండి. ఆపినప్పుడు డెస్క్‌టాప్ ఒక్కసారిగా ఖాళీ అయి, నా ఫైళ్లెక్కడ అన్న అర్థంతో ఒకే ఒక్క షార్ట్‌కట్ మిగలవచ్చు, భయపడకండి, ఫైళ్లన్నీ వన్‌డ్రైవ్ ఫోల్డర్లోని డెస్క్‌టాప్‌లో ఉంటాయి, అక్కడి నుంచి వెనక్కి తెచ్చుకోవచ్చు.

చిన్నచిన్నవి మరికొన్ని. బొమ్మలన్నీ ఒకేసారి మాయమైతే ఖాళీగా ఉన్నచోట రైట్ క్లిక్ చేసి వ్యూ లోకి వెళ్లి షో డెస్క్‌టాప్ ఐకాన్స్‌కి టిక్ ఉందో లేదో చూడండి, మౌస్ జారి అది పోయిన ఇళ్లు చాలానే చూశాను. బొమ్మలు తెల్లగా అయిపోయినా నొక్కితే తెరుచుకుంటుంటే ఐకాన్ కాష్ (బొమ్మల రూపాలను విండోస్ దాచుకునే ఫైలు) చెడింది, ముందు రీస్టార్ట్ చేయండి. ఏ బొమ్మ నొక్కినా నోట్‌ప్యాడే తెరుచుకుంటోందంటే ఎవరో ఓపెన్ విత్‌లో దాన్ని ఎంచుకున్నారు. అది పాత విండోస్‌లో ఎక్కువ వచ్చేది, సిస్టమ్ రీస్టోర్‌తో ముందు రోజుకి వెళ్తే మామూలుగా సరిపోతుంది, రిజిస్ట్రీ (విండోస్ సెట్టింగ్స్ అన్నీ ఉండే చోటు) జోలికి తెలియకుండా వెళ్లకండి. పొరపాటున బొమ్మ డిలీట్ అయితే రీసైకిల్ బిన్‌లో ఉంటుంది, తెచ్చుకోవచ్చు.

సంపాదకులకు నా కోరిక ఒక్కటే. వారానికి ఒక రోజు పావు కాలమ్ చాలు, ఇంటి కంప్యూటర్ కోసం ఇవ్వండి. కొత్త మోడళ్లూ ధరలూ వద్దు, షార్ట్‌కట్, బ్యాకప్, ప్రింటర్ ఆగిపోవడం, డిస్క్ నిండిపోవడం లాంటివి, పాఠకులు పంపే ప్రశ్నలకే జవాబులు వేయండి. స్క్రీన్ మీద వచ్చే ఇంగ్లిష్ మెసేజ్ ఉన్నదున్నట్టు వేసి, దాని కింద అది ఏం అడుగుతోందో, ఎస్ కొడితే ఏమవుతుందో, నో కొడితే ఏమవుతుందో తెలుగులో రాస్తే, ఆ ముక్క కత్తిరించి మానిటర్ పక్కన అంటించుకునేవాళ్లు చాలామంది ఉంటారు. ఇలాంటి కాలమ్ మీరు మొదలుపెడితే నాకు తెలిసినంతవరకు డబ్బు తీసుకోకుండా రాసి పంపుతాను. అను ఫాంట్లలో కాకుండా యూనికోడ్‌లోనే కంపోజ్ చేసి, ప్రూఫ్ చూసి పంపుతాను, మీ డెస్క్ వాళ్లకు మళ్లీ టైప్ చేసే పని ఉండదు.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
సత్యనారాయణపురం, విజయవాడ